పూలతకు మూడు గీతలు: బందరు కలంకారీ, బొంతకుట్టు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వస్త్రం మీద పూలను, ఆకులను, తీగలను రూపొందించే పద్ధతుల్లో కలంతో గీయడం, అచ్చుతో అద్దడం, సూదితో కుట్టడం ముఖ్యమైనవి. కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం, పెడన ప్రాంతాలు మొదటి రెండు పద్ధతులకు ప్రసిద్ధి పొందాయి. మూడవ పద్ధతిలో ఇటీవల విస్తరించిన ప్రక్రియ ‘ఫ్రీ మోషన్ క్విల్టింగ్’. గుడ్డను రెండు చేతులతో ఇష్టమైన దిక్కుకు కదుపుతూ కుట్టుమిషను మీద బొంతపై బొమ్మ కుట్టే ఈ పనిని ఈ వ్యాసంలో ‘స్వేచ్ఛాగతి కుట్టు’ అని వ్యవహరిస్తున్నాను. మొక్క ఆకృతిని గీత నడిచే దారి ఎలా నిర్ణయిస్తుందో వివరించడం, ఆ దారిని చెప్పడానికి తెలుగులో ఉన్న పదసంపదను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కలంకారీ, బొంత, అద్దకం, పూలత, మెలికల ముగ్గు, గొలుసుకట్టు, స్వేచ్ఛాగతి కుట్టు.

1. ఉపోద్ఘాతం:

గుడివాడ నుండి మచిలీపట్నం వెళ్ళే రైలుదారిలో గుడ్లవల్లేరు, కవుతరం దాటితే పెడన వస్తుంది. కొద్ది మైళ్ళ ఈ దారిలో వస్త్రానికి సంబంధించిన రెండు భిన్నమైన పనులు కనిపిస్తాయి. పెడనలో పొడవైన బల్లల మీద గుడ్డ పరచి చెక్క అచ్చులతో పూలు అద్దుతారు. గుడ్లవల్లేరు వంటి ఊళ్ళలో స్త్రీలు ఇంటి కుట్టుమిషను మీద రవికెలకు, దిండు గలేబులకు పూలు కుడతారు. ఒకటి చేతివృత్తిగా గుర్తింపు పొందింది. రెండవది ఇంటిపనిగానే మిగిలింది. ఈ రెండింటిలోనూ కనిపించే వస్తువు ఒకటే: కాడ, ఆకు, మొగ్గ, పువ్వు.

ఒకే పువ్వును కలంతో గీసినప్పుడు, అచ్చుతో అద్దినప్పుడు, మిషను సూదితో కుట్టినప్పుడు దాని ఆకృతి మారుతుంది. ఈ మార్పును పనివాని నైపుణ్యభేదంగా మాత్రమే చూస్తే అసలు కారణం తెలియదు. కలం గుడ్డ మీద నడుస్తుంది. అచ్చు ఒకచోట నుండి మరొకచోటికి దూకుతుంది. స్వేచ్ఛాగతి కుట్టులో సూది ఉన్నచోటనే లేస్తూ దిగుతూ ఉంటే గుడ్డ నడుస్తుంది. మూడు పరికరాల మూడు నడకలు మూడు రకాల మొక్కలను పుట్టిస్తాయి. ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన ఇదే.

2. బొంత – మాట, వస్తువు:

పాత నూలుచీరలను పొరలుగా పరచి, అంచులు మడిచి, దారంతో దగ్గరదగ్గరగా కుట్టి చేసుకునే పడక వస్త్రం బొంత. డెల్టా గ్రామాల్లో పసిపిల్లల పక్కకూ చలికాలపు కప్పుకూ ఇది ఉపయోగపడేది. సంస్కృతంలోని ‘కంథ’ శబ్దం ఇటువంటి అతుకుల వస్త్రాన్నే సూచిస్తుంది. బెంగాలులో అదే మాట ‘కాంథా’గా నిలిచి, కుట్టుతో బొమ్మలు తీర్చే ఒక కళకు పేరయింది.

తెలుగులో బొంత అనే మాటకు ఆ గౌరవం దక్కలేదు. ‘గంతకు తగిన బొంత’ అనే సామెతలో అది ఎగతాళిగా వినిపిస్తుంది. సాహిత్యవిమర్శలో ఒక రచన నిర్మాణం కుదరలేదని చెప్పడానికి ‘అతుకుల బొంత’ అంటాం. ఈ రెండు ప్రయోగాల్లోనూ బొంతలోని గుడ్డముక్కలే కనిపిస్తాయి. వాటిని పట్టి ఉంచే కుట్టు కనిపించదు. నిజానికి పొరలు జారిపోకుండా, ఉతికినప్పుడు ఉండలు కట్టకుండా ఉంచేది కుట్టే. ఆ అవసరపు కుట్టు అలంకారంగా మారినప్పుడు బొంత చిత్రమవుతుంది. బొంతకుట్టు కళ అంతా ఈ మార్పులోనే ఉంది.

3. పడక దుప్పటి మీద చెట్టు:

బందరు వస్త్రాలకూ బొంతకూ ఉన్న సంబంధం కొత్తది కాదు. గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవుగా ఉన్న మచిలీపట్నంలో ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ 1611లో వర్తకస్థానం నెలకొల్పింది. కోరమాండల్ తీరం నుండి ఎగుమతి అయిన అద్దకపు వస్త్రాల్లో మంచం మీద పరిచే పెద్ద దుప్పట్లు ముఖ్యమైనవి. ‘పలంగ్‌పోష్’ అంటే మంచపు కప్పు. ఐరోపావారు దానినే ‘పలంపోర్’ అన్నారు. రంగుల అద్దకపు గుడ్డకు వారు వాడిన ‘చింట్జ్’ అనే మాట ‘ఛీంట్’ నుండి వచ్చింది. అటువంటి గుడ్డకు తెలుగులో ‘చీటిగుడ్డ’ అనే మాట ఉంది.

1643లో లండన్ నుండి సూరత్‌లోని తమ ప్రతినిధులకు కంపెనీ రాసిన ఉత్తరం ఈ చర్చకు ముఖ్యమైన ఆధారం. వస్తున్న దుప్పట్లలో ఎర్రని నేల ఎక్కువగా ఉంటున్నదనీ, ఇకమీదట తెల్లని నేల ఎక్కువ ఉంచి, మధ్యలో పూలూ కొమ్మలూ రంగుల్లో వేయించాలనీ అందులో కోరారు. ఆ దుప్పట్లను వారు పేర్కొన్న మాట ‘క్విల్ట్’. అంటే పూలతల అద్దకం, బొంత అనే వస్తువు, కొనుగోలుదారుని అభిరుచి 17వ శతాబ్దం నాటికే ఒకే ఉత్తరంలో కలిశాయి.

ఈ కోరికల ఫలితంగా రూపుదిద్దుకున్న ‘జీవవృక్షం’ వృక్షశాస్త్రానికి అందని చెట్టు. రాతిగుట్ట మీద మొలిచి, మెలికలు తిరిగి పైకి సాగే ఆ ఒక్క మొదలుకు ఒకదానితో ఒకటి సంబంధం లేని పూలు పూస్తాయి. పారశీక, చైనా, ఐరోపా, దేశీయ నమూనాలు అందులో కలిసిపోయాయి. ఇదే తీరంలో, 18వ శతాబ్దం చివర, సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. వాటి ఆధారంగా ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ 1795–1820 మధ్య 3 సంపుటాల్లో, 300 చిత్రఫలకాలతో వెలువడింది. రాక్స్‌బర్గ్ చిత్రకారులు మొక్కను గుర్తుపట్టడానికి గీశారు. అద్దకపు పనివారు గీత ఆగకుండా గుడ్డనంతటినీ అల్లుకోవడానికి గీశారు. రెండవవారికి పువ్వు జాతి కన్నా కాడ ఎటు తిరుగుతుందన్నదే ముఖ్యం. బొంత కుట్టేవారికీ అంతే.

ఈ వస్త్రాల ఆదరణ ఐరోపాలోని నేతవృత్తులను భయపెట్టింది. ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిపై ఆంక్షలు పెట్టి, 1721 శాసనంతో దుస్తులుగానూ గృహోపకరణాలుగానూ వాడకాన్నే నిషేధించింది. కృష్ణాతీరపు పూలతను అడ్డుకోవడానికి చట్టాలు అవసరమయ్యాయంటే ఆ గీతకు ఉన్న ఆకర్షణను ఊహించవచ్చు.

4. కలం గీత, అచ్చు గీత:

‘కలం’, ‘కారీ’ అనే పారశీక పదాల కలయిక కలంకారీ. కలంతో చేసే పని అని అర్థం. శ్రీకాళహస్తిలో ఇప్పటికీ కలమే ప్రధానం. పెడన, మచిలీపట్నాల్లో నేడు అచ్చుపని ప్రధానం. రెండింటిలోనూ రంగు గుడ్డకు పట్టే రసాయన సూత్రం ఒకటే. గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీటిలో ఊరవేసిన ద్రవం కరక్కాయతో కలిసి నల్లని గీతనిస్తుంది. పటిక అద్దినచోట, వేరుతోనో చెక్కతోనో ఉడికించినప్పుడు, ఎరుపు తేలుతుంది. పూర్వం ఈ ఎరుపుకు సముద్రతీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరు ఆధారం. దీని వృక్షశాస్త్రనామం ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా. 1868లో బెర్లిన్‌లో అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేయడంతో ఆ వేరు ప్రాధాన్యం క్రమంగా తగ్గింది.

కలంపని గురించి వివరంగా రాసిన తొలి విదేశీయుల్లో ఫ్రెంచి జెస్యూట్ గాస్టన్ లారెంట్ కర్డూ ఒకరు. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన ఈయనను సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల బంధుత్వాన్ని గుర్తించినవాడిగా భాషాశాస్త్ర విద్యార్థులు ఎరుగుదురు. ఈయన 1742లో రాసిన లేఖలో అద్దకపు దశలను వర్ణించాడు. అందులో ఒక వివరం మన చర్చకు అవసరం. ముందుగా కాగితంపై బొమ్మ గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, ఆ కాగితాన్ని గుడ్డపై పరచి బొగ్గుపొడి అద్దుతారు. చిల్లుల గుండా దిగిన పొడి చుక్కల వరుసగా నిలుస్తుంది. ఆ చుక్కలను కలంతో కలుపుతారు. నేటి మగ్గం పనివారు డిజైను దింపుకోవడానికి అనుసరించే పద్ధతి కూడా సూత్రరీత్యా ఇదే. బొంత కుట్టేవారు బొగ్గుపొడికి బదులు సుద్దపొడి వాడతారు. కలంపనికి ముందే గుడ్డ మీదికి సూది దారి చూపిందన్నమాట.

అచ్చు విషయం వేరు. టేకు చెక్కపై చెక్కిన అచ్చులో గీత ఒకసారి నిర్ణయమై ఆగిపోతుంది. రూపరేఖకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు అవసరం. తీగ ఒక అచ్చు కుడి అంచున ఆగి, తరువాతి ముద్ర ఎడమ అంచున కొనసాగాలి. కనుక అచ్చు చెక్కేవాడు మొక్కను చతురస్రంగా ఊహించి, తెగినచోట మళ్ళీ అతికేలా గీస్తాడు. ముద్రలు కలిసేచోట వెంట్రుకవాసి తేడా కనిపించడం చేతిపనికి గుర్తు. కలంలో ప్రతి ఆకూ వేరు. అచ్చులో ఆకు ఒకటే, దానిని ఒత్తిన చేతి బరువు మాత్రం మారుతూ ఉంటుంది.

5. సూది గీత:

మామూలు కుట్టులో మిషను పళ్ళు గుడ్డను ముందుకు నెడతాయి. కుట్టు నిడివిని మిషను నిర్ణయిస్తుంది. స్వేచ్ఛాగతి కుట్టులో ఆ పళ్ళను దించివేస్తారు, లేదా వాటిపై పలక కప్పుతారు. గుడ్డను గట్టిగా అదిమే మామూలు పాదానికి బదులు, సూది పైకి లేచినప్పుడు తానూ లేచి గుడ్డను వదిలే పాదాన్ని బిగిస్తారు. ఇక గుడ్డ ముందుకు, వెనక్కు, పక్కలకు ఎటైనా కదులుతుంది. రవికెల మీద రింగు బిగించి మిషనుతో పూలు కుట్టేవారికి ఈ సూత్రం తెలిసినదే. బొంతలో తేడా ఏమిటంటే అక్కడ మూడు పొరలుంటాయి: పై గుడ్డ, నడుమ దూదిపొర, అడుగున అస్తరు. వీటిని ముందుగా కచ్చాకుట్టుతోనో పిన్నులతోనో కలపాలి. అస్తరు ముడతపడకుండా నడుమ నుండి అంచులకు కుట్టుకుంటూ పోవాలి.

మిషను వేగం స్థిరంగా ఉన్నప్పుడు చేయి వేగంగా కదిపితే కుట్టు పొడుగవుతుంది, నెమ్మదిగా కదిపితే పొట్టిదవుతుంది. అంగుళానికి సుమారు 8 నుండి 12 కుట్లు సమంగా పడాలంటే కాలూ చేయీ ఒకే లయలో సాగాలి. మలుపు వద్ద చేయి తెలియకుండానే నెమ్మదిస్తుంది కనుక అక్కడ కుట్లు గుమిగూడతాయి. మలుపును భయపడకుండా దాటడమే మొదటి పాఠం.

కలానికీ సూదికీ ఉన్న ముఖ్యమైన భేదం ఇక్కడే ఉంది. కలాన్ని ఎత్తి మరొకచోట దించవచ్చు. సూదిని ఎత్తితే దారం తెంచి, ముడివేసి, కొనలను పొరల మధ్యకు దాచాలి. కాబట్టి కుట్టు మొదలైన తరువాత వీలైనంతవరకు ఆగకూడదు. తెలుగు పాఠకులకు దీనిని పోల్చి చెప్పడానికి దూరం వెళ్ళనక్కరలేదు. పాత దస్తావేజుల్లో కలం ఎత్తకుండా అక్షరాలను కలుపుతూ రాసిన గొలుసుకట్టు రాత ఇటువంటిదే. ఒక అక్షరం ముగింపు తరువాతి అక్షరానికి ఆరంభమైనట్లు, ఒక ఆకు ముగింపు తరువాతి ఆకుకు ఆరంభం కావాలి.

ఇంకా దగ్గరి పోలిక మెలికల ముగ్గు. చుక్కల చుట్టూ తిరిగిన గీత తనను తాను దాటుతూ చివరకు మొదలైన చోటికి చేరాలి. వేసే ముందే దారి మనసులో ఉండాలి. బొంతల్లో నేలను నింపే వంకరగీతకు మాత్రం నియమం తలకిందులు: అది ఎక్కడా తనను తాను దాటకూడదు. నియమాలు వేరైనా రెండింటికీ కావలసిన శక్తి ఒకటే, రాబోయే మలుపును ముందే చూడగలగడం. సంక్రాంతి నెల పొడుగునా వాకిట్లో చేసిన అభ్యాసం ఈ కుట్టుకు పనికిరాదని ఎవరూ అనలేరు.

6. మొక్కను కుట్టుదారిగా మార్చడం – బీరతీగ:

సూత్రాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. డెల్టాలో దడికి పాకే బీరతీగను తీసుకుంటే అందులో కాడ, కణుపు, తమ్మెల ఆకు, నులితీగ, అయిదు రేకుల పసుపుపువ్వు ఉంటాయి. చిత్రకారుడు వీటిని ఏ వరుసలోనైనా గీయవచ్చు. కుట్టేవారికి ఒకే వరుస ఉంది, అది తీగ పెరిగిన వరుసే.

కాడ మొదట ఆరంభించి మొదటి కణుపు వరకు కుట్టాలి. అక్కడ నుండి ఆకు కుడి అంచు వెంట తమ్మెలు తీరుస్తూ కొనకు చేరి, ఎడమ అంచు వెంట దిగి తొడిమకు రావాలి. ఆకు మూసుకున్నది. ఇప్పుడు నడిమి ఈనె వెంట పైకి పోతూ, పక్క ఈనెల్లోకి వెళ్ళి అదే గీత మీద తిరిగి వస్తూ, చివరకు నడిమి ఈనె మీదుగా మళ్ళీ తొడిమకు దిగాలి. నడిమి ఈనె మీద రెండుసార్లు దారం పడడం వల్ల అది లావుగా కనిపిస్తుంది. నిజమైన ఆకులోనూ ఆ ఈనె లావుగానే ఉంటుంది. దారం తెగకూడదన్న నియమం వల్ల వచ్చిన ఈ జోడుగీత మొక్క లక్షణానికి సరిపోవడం గమనించదగినది.

నులితీగ చుట్టను కొన వరకు కుట్టి, అదే దారిన వెనక్కు రావాలి. పువ్వులో ప్రతి రేకూ నడుమ నుండి బయలుదేరి నడిమికే చేరే మెలిక. అయిదు మెలికలు పూర్తయ్యాక కాడ మీదికి దిగి తరువాతి కణుపుకు సాగాలి. చివరగా నేలను చిన్న వంకరగీతలతో దట్టంగా నింపాలి. దట్టంగా కుట్టినచోట దూది అణుగుతుంది, కుట్టని రేకు ఉబ్బుతుంది. రంగు లేకుండానే పువ్వు తేలుతుంది. కలంకారీలో పువ్వును నేల నుండి వేరుచేసేది రంగు అయితే, బొంతలో ఆ పని వెలుగునీడలు చేస్తాయి.

7. అచ్చుగుడ్డ మీద సూది:

పెడన అచ్చుగుడ్డనే బొంతకు పై గుడ్డగా తీసుకుంటే మూడు గీతల్లో రెండు ఒకేచోట కలుస్తాయి. సహజరంగుల గుడ్డను ముందే విడిగా ఉతికి, రంగు కారడం లేదని నిర్ధారించుకోవాలి. ఆ తరువాత కుట్టే వ్యక్తి ఒక నిర్ణయం చేయాలి. అచ్చుగీత మీదనే కుడితే రూపరేఖ ఉబ్బి స్పష్టమవుతుంది. అచ్చును పట్టించుకోకుండా గళ్ళు కుడితే బొంత గట్టిపడుతుంది కాని పువ్వు ముక్కలవుతుంది. మూడవ మార్గం, అచ్చు అంచున తెగిన తీగను అందుకుని పక్క ముద్రలోకి కొనసాగించడం. ఈ మార్గంలో సూది, అచ్చు పోగొట్టిన కలం నడకను తిరిగి తెస్తుంది. ముద్ర నుండి ముద్రకు మారని ఆకుకు ప్రతిచోటా కొద్దిగా వేరైన ఈనె వస్తుంది.

ఈ నిర్ణయం తీసుకోవాలంటే గుడ్డను చదవగలగాలి. మచిలీపట్నం కలంకారీకి 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద నమోదు లభించింది. అయినా స్క్రీను మీద, యంత్రం మీద ముద్రించిన గుడ్డలు అదే పేరుతో అంగళ్ళలో అమ్ముడవుతున్నాయి. చట్టం పేరును కాపాడగలదు. ముద్రల కలయికలోని వెంట్రుకవాసి తేడాను గుర్తించి, దానికి విలువ ఇచ్చే కన్నును తయారుచేయడం చదువు చేయవలసిన పని. అచ్చుగుడ్డ వెంట సూది నడిపినవారికి ఆ కన్ను అప్రయత్నంగా వస్తుంది, ఎందుకంటే గీత ఎక్కడ తెగిందో వారి చేతికి తెలుస్తుంది.

8. ముగింపు:

పై చర్చ నుండి తేలిన అంశాలు ఇవి:

• వస్త్రం మీద మొక్క ఆకృతిని పరికరం నడిచే దారి నిర్ణయిస్తుంది. కలం ఎత్తి దించగల గీతను, అచ్చు తెగి అతికే గీతను, సూది తెగకుండా తిరిగివచ్చే గీతను ఇస్తాయి.

• పూలతల అద్దకానికీ బొంతకూ ఉన్న సంబంధం కనీసం 17వ శతాబ్దపు ఎగుమతి దుప్పట్ల నాటిది.

• స్వేచ్ఛాగతి కుట్టును బోధించడానికి అవసరమైన మాటలు చాలావరకు తెలుగులో ఉన్నాయి. కచ్చాకుట్టు, అస్తరు, కాడ, కణుపు, ఈనె, మెలిక, గొలుసుకట్టు వంటివి కుట్టుపని, పొలం, ముగ్గు, రాత అనే నాలుగు రంగాల నుండి లభిస్తున్నాయి.

చివరి అంశం భాషాపరిశోధకులకు చెందినది. అచ్చు అరిగితే పొయ్యిలోకి పోతుంది. బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది. వాటితోపాటు ఆ పని చేసినవారి మాటలూ పోతాయి. వృత్తిపదకోశాల నిర్మాణం తెలుగులో బలమైన సంప్రదాయమే అయినా, ఇంటి స్త్రీల కుట్టుపని వృత్తిగా లెక్కకు రాకపోవడం వల్ల దాని పదజాలం వాటిలో తగినంత చోటు పొందలేదు. పెడన అచ్చుల ఆకృతులనూ, గుడ్లవల్లేరు వంటి ఊళ్ళలో మిషను ముందు కూర్చున్న స్త్రీల మాటలనూ ఒకే క్షేత్రపర్యటనలో సేకరించడం సాధ్యమే. రైలుదారిలో అవి పక్కపక్క ఊళ్ళు. ఆ సేకరణ జరిగిననాడు ‘అతుకుల బొంత’ అన్న మాటను విమర్శలో వాడే ముందు మనం ఒకసారి కుట్టు వైపు కూడా చూస్తాం.